హాలు మూలకు ఎత్తైన రంగుచారల మొక్క కావాలి. ఉన్న డ్రసీనా కొనలు మాడిపోతున్నాయి

పానగల్లు_గట్టు
నల్గొండలో మేము కొత్తగా కట్టుకున్న ఇంటి హాల్లో, తూర్పు కిటికీకీ సోఫాకూ మధ్య ఉన్న మూల బోసిగా కనిపిస్తోందని, దసరాకు ముందు నాలుగున్నర అడుగుల డ్రసీనా మసాంజియానా ఒకటి కొనుక్కొచ్చాను. మొక్కజొన్న ఆకులాంటి పొడవైన ఆకులు, ఆకు నడుమ పసుపు పట్టీ ఉండే రకం అది. ధర 1,400 రూపాయలు పడింది. రెండు నెలలు కళకళలాడింది. ఆ తర్వాత ఆకుల కొనలు ఒక్కొక్కటిగా గోధుమరంగుకు తిరగడం మొదలై, ఇప్పుడు కింది ఆకుల్లో రెండేసి అంగుళాల మేర ఎండిపోయాయి. ఎండిన భాగానికీ పచ్చటి భాగానికీ మధ్య సన్నటి పసుపు గీత గీసినట్టు ఉంటోంది. నర్సరీ ఆయనకు ఫోను చేస్తే "నీళ్లు తక్కువైనయి మేడమ్" అన్నాడు. మా అత్తమ్మ మాత్రం "గీ చెట్టుకు గిన్ని నీళ్లెందుకు, మురిగిపోతది" అంటున్నారు. ఒక నెల ఆయన మాట, ఒక నెల ఈమె మాట విని చూశాను, కొనలు మాత్రం తమ పని తాము చేసుకుపోతున్నాయి. దీన్ని బాగుచేసుకోవచ్చా, లేక తీసేసి వేరేది తెచ్చుకోవడమే మేలా? వేరేదైనా ఎత్తుగా, రంగుచారలతో ఉండాలన్నదే నా కోరిక. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది కనుక అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

కొత్తకుండీ
మా మొక్క కొనలు కూడా అచ్చం ఇలాగే ఉన్నాయి. నేను ప్రతివారం కత్తిరించుకుంటూ వస్తే, ఇప్పుడు అది క్షవరం చేయించుకున్న మొక్కలా తయారైంది.

వేపచెక్క
కొనలు ఎండాయంటే పదింట తొమ్మిదిసార్లు వేరుకుళ్ళే కారణమని నా నమ్మకం. మసాంజియానాను మనకు అమ్మేది అసలు మొక్కగా కాదు. లావుపాటి కాండాన్ని రకరకాల ఎత్తుల్లో ముక్కలుగా నరికి, పై కోతకు మైనం పూసి, రెండో మూడో ముక్కలను ఒకే కుండీలో గుచ్చి, వేర్లు పోసుకున్నాక అమ్ముతారు. అందువల్ల ఆ కాండానికి మన వేపచెట్టుకు ఉన్నంత వేళ్ల బలగం ఉండదు, నీళ్లు నిలిస్తే ముందు అదే మెత్తబడుతుంది. కాండాన్ని మట్టికి దగ్గరగా బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోయినా, పట్టుకుని కదిపితే పళ్లూడిన దవడలో పన్నులా ఊగినా ఇక ఆశ పెట్టుకోకండి. కుండీకి రంధ్రాలు ఉన్నాయా, కింద ఏ మట్టి వేశారు, అలంకారానికి పెట్టిన బయటి కుండీ అడుగున నీళ్లు నిలుస్తున్నాయా అన్నవి కూడా చెప్పండి.

పానగల్లు_గట్టు
వేపచెక్క గారు చెప్పినట్టే నొక్కి చూశాను. మూడు కాండాలూ రాయిలా ఉన్నాయి, కదలడం లేదు. కుండీకి అయిదు రంధ్రాలున్నాయి, బయటి కుండీ లేదు. ఎర్రమట్టి, కోకోపీట్, చివికిన పశువుల ఎరువు సమానంగా కలిపాము. రెండంగుళాల లోతు వరకు వేలు పెట్టి, ఆరితేనే పోస్తున్నాను. మట్టి పైన మాత్రం కుండీ అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పూసినట్టు కనిపిస్తోంది, తుడిస్తే చేతికి అంటుతోంది.

మిద్దెతోట_మిర్యాలగూడ
ఏ నీళ్లు పోస్తున్నారు?

పానగల్లు_గట్టు
మాకు మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వస్తాయి కానీ వాటిని సంపులోకి ఎక్కించి వంటకే వాడుకుంటాము. మిగతా అవసరాలన్నింటికీ బోరే. మొక్కకు నేరుగా బోరు నీళ్లు కూడా పోయడం లేదు. బోరు లైనుకు పెట్టిన ఆర్వో యంత్రం పక్క పైపులోంచి వచ్చే నీళ్లు అన్యాయంగా మోరీలోకి పోతున్నాయని, వాటిని బకెట్‌లో పట్టి మొక్కలన్నింటికీ పోస్తున్నాను. తులసికీ, గుమ్మం ముందున్న మందారానికీ అవే నీళ్లు, అవి బాగానే ఉన్నాయి.

మిద్దెతోట_మిర్యాలగూడ
మీ సమాధానంలోనే మీ రోగం దొరికింది. ఆర్వో యంత్రం నీటిలోని లవణాలను మాయం చేయదు, ఒక పక్కనుంచి తీసి మరో పక్కకు నెడుతుంది. మీ యంత్రం మూడు లీటర్లు లోపలికి తీసుకుని ఒక లీటరు మంచినీళ్లు, రెండు లీటర్లు పక్క నీళ్లు ఇస్తుందనుకోండి. మన బోర్లలో ఎక్కువగా ఉండే లవణం ఫ్లోరైడు. మూడు లీటర్లలో ఉన్న ఫ్లోరైడు దాదాపు అంతా ఆ రెండు లీటర్లలోకి చేరుతుంది, అంటే బోరులో ఉన్నదానికి ఒకటిన్నర రెట్ల చిక్కదనం. నల్గొండ బోరు నీళ్లే అంతంతమాత్రం, వాటిని ఇంకా చిక్కబరిచి, ఇంటి మొక్కలన్నింటిలోకీ ఫ్లోరైడును ఏమాత్రం ఓర్చుకోలేని డ్రసీనాకు పోశారు.

ఈ ఫ్లోరైడు వేళ్ల ద్వారా లోపలికి వెళ్లి, నీటితో పాటు ఆకు చివరిదాకా ప్రయాణిస్తుంది. ఆకు నుంచి నీరు ఆవిరైపోతుంది కానీ ఫ్లోరైడు పోదు, కొనల్లోనూ అంచుల్లోనూ పేరుకుంటుంది. పేరుకున్న చోట కణాలు చచ్చిపోతాయి. మీరు చెప్పిన పసుపు గీత, చచ్చిన భాగానికీ బతికున్న భాగానికీ మధ్య సరిహద్దు. తులసి, మందారం ఈ విషయంలో గట్టివి కనుక వాటిని చూసి డ్రసీనా నీళ్లను అంచనా వేయకూడదు.

నేను ఇది చదివి చెప్పడం లేదు, చేసి చూశాను. రెండేళ్ల కిందట ఒకే నర్సరీలో, ఒకే వరుసలోంచి రెండు మసాంజియానాలు తెచ్చి, ఒకే మట్టిలో, ఒకే కిటికీ పక్కన పెట్టాను. ఒకదానికి మా అత్తగారి ఊరైన మునుగోడు వైపు నుంచి క్యానులో తెప్పించిన బోరు నీళ్లు, ఇంకొకదానికి మా ఊళ్లో కుళాయికి వచ్చే కృష్ణా నీళ్లు పోశాను. నాలుగు నెలలకు మొదటిదాని ఆకుల కొనలన్నీ అగ్గిపుల్లలు అంటించి ఆర్పినట్టు అయ్యాయి. రెండోదానికి రెండు ఆకులకే, అదీ చిటికెడంత. మొక్క కోసం క్యాను నీళ్లు తెప్పిస్తున్నానని తెలిసి మా బావమరిది ఇప్పటికీ నవ్వుతుంటాడు.

గద్వాల_జరీ
నల్గొండ నీళ్లు పోస్తే మొక్క నడుము కూడా వంగుతుందని ఈ రోజే తెలిసింది.

పాతబడి_సార్
గద్వాల వారు పరిహాసానికే అన్నా, మా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన పెద్దలను చూస్తూ పెరిగినవాణ్ణి కనుక నాకు నవ్వు రాలేదు. తప్పుగా అనుకోకండి. అసలు విషయానికి వస్తాను.

మన అడుగున ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైటు, అపటైటు, బయోటైటు వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడు నెమ్మదిగా భూగర్భజలంలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే అది ఫ్లోరైడును పట్టి కరగని రూపంలో అడుగుకు దింపుతుంది, కాల్షియం తక్కువై సోడియం బైకార్బొనేటు ఎక్కువైన బోర్లలో ఫ్లోరైడు అలాగే కరిగి ఉండిపోతుంది. అందుకే పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో కూడా లెక్క వేరువేరుగా వస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ఇది మనిషికి గీసిన గీత. పళ్ల ఆరోగ్యం కోసం అమెరికాలో చాలాచోట్ల కుళాయి నీటికి లీటరుకు 0.7 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడును కావాలనే కలుపుతారు, అంతటి నీటికే డ్రసీనా కొనలు ఎండుతున్నాయని అక్కడి పెంపకందారులు మొత్తుకుంటారు.

ఇంకో మాట. చాలామంది ఇళ్లలో పెన్నులాంటి టీడీఎస్ మీటరు పెట్టుకుని, అంకె తక్కువ చూపగానే నీళ్లు మంచివని తీర్మానిస్తారు. అది మొత్తం కరిగిన లవణాలను అంచనా వేస్తుందే తప్ప, వాటిలో ఫ్లోరైడు ఎంతో చెప్పలేదు. పానగల్లు గారు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు పట్టి, గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ల్యాబులో పరీక్ష చేయిస్తే అనుమానం తీరుతుంది.

వేపచెక్క
పాతబడి సార్ మీద గౌరవం ఉంది కానీ, నల్గొండలో ఏ ఆకు ఎండినా ఫ్లోరైడేనని తీర్పు చెప్పడం నాకు నచ్చడం లేదు. కుండీ అంచున తెల్లటి చౌడు పూసిందని ఆమే రాశారు. అది మామూలు లవణాల పేరుకుపోవడం, దానివల్ల కూడా కొనలు ఎండుతాయి. ఎరువు ఎక్కువైనా, కూలర్ గాలి నేరుగా తగిలినా అంతే. కనుక ముందు అందరం చేయగలిగింది చేయాలి. కుండీని బయట పెట్టి, కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లను కొద్దికొద్దిగా పోసి, కింది రంధ్రాల్లోంచి పూర్తిగా కారనివ్వాలి. పేరుకున్న ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

మిద్దెతోట_మిర్యాలగూడ
కడగడం విషయంలో వేపచెక్క గారితో నాకు పేచీ లేదు. అయితే ఏ నీళ్లతో కడుగుతారన్నదే ప్రశ్న. పక్క పైపు నీళ్లతోనే కడిగితే బురద కాళ్లను బురదలో కడిగినట్టే.

కొత్తకుండీ
నీళ్లను రాత్రంతా బకెట్‌లో మూత లేకుండా ఉంచితే చాలని ఒక వీడియోలో చెప్పారు. మరిగించి చల్లార్చినా పోతుందని ఇంకొకరు అన్నారు. మా ఇంట్లో నేను రెండూ చేస్తున్నాను.

పాతబడి_సార్
రాత్రంతా ఉంచితే క్లోరిన్ వాసన పోతుంది, ఫ్లోరైడు పోదు. మరిగిస్తే నీరు ఆవిరై తగ్గి, మిగిలిన నీటిలో ఫ్లోరైడు మరింత చిక్కబడుతుంది. అంటే మీరు గ్యాసు ఖర్చుపెట్టి ఆర్వో పక్క పైపు చేసే పనినే చేస్తున్నారు. ఫ్లోరైడును తీయాలంటే పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ పద్ధతికి ప్రపంచమంతటా నల్గొండ టెక్నిక్ అనే పేరే ఉంది. కానీ ఒక కుండీ కోసం ఇంట్లో పటిక తూకం వేసుకుంటూ కూర్చోవద్దని నా సలహా. మోతాదు తప్పితే నీటికి ఆమ్లగుణం వస్తుంది, ఆమ్లగుణమున్న మట్టిలో ఫ్లోరైడు ఇంకా సులువుగా వేళ్లకు అందుతుంది. వంటకు వాడే భగీరథ నీళ్లలోంచి వారానికి రెండు చెంబులు మొక్కకు ఇవ్వండి.

నల్లమల_నీడ
వాననీళ్లను మించినవి లేవు. మా అచ్చంపేటలో జూలై నుంచి డాబా పైపు కింద డ్రమ్ము పెట్టి పట్టుకుంటాను, మూత పెట్టి దోమతెర కడితే సంక్రాంతి దాకా వస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి, అవి గాలిలోని తేమ చల్లబడి నీరైనవి కనుక వాటిలో భూమి ఉప్పు ఉండదు. అయితే మన ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమే ఉండదు కనుక, మొక్కకు ఎక్కువ నీళ్లు కావలసిన రోజుల్లోనే ఏసీ పిసినారితనం చూపిస్తుంది.

చల్కనేల
ఏసీ సంగతి సరే, కూలర్ సంగతి కూడా రాసుకోండి. వేసవి చివర కూలర్ ట్యాంకు కడిగినప్పుడు అడుగు నీళ్లను మొక్కలకు పోయడం మా ఇంట్లో ఆనవాయితీ. నెలల తరబడి ఆవిరై ఆవిరై మిగిలిన ఆ నీళ్లు ఎంత చిక్కగా ఉంటాయో ఇప్పుడు ఆలోచిస్తే, పోయినేడు నా కార్డిలైన్ ఎందుకు చచ్చిపోయిందో అర్థమైంది. అప్పట్లో దిష్టి తగిలిందని మిరపకాయలు కూడా తిప్పాము.

గద్వాల_జరీ
మసాంజియానా ఆకు చూసినప్పుడల్లా నాకు మా ఊరి చీర జరీ అంచు గుర్తుకొస్తుంది, కాకపోతే దీనికి జరీ నడుమ పడింది. అంచునే జరీ కావాలంటే సాంగ్ ఆఫ్ ఇండియా అనే మొక్క ఉంది, ఆకు రెండంచులా పసుపు పట్టీలు ఉంటాయి. మన దేశం పేరు పెట్టుకున్న మొక్క మన నీళ్లకు తట్టుకోదా?

మిద్దెతోట_మిర్యాలగూడ
పేరే ఇండియా, పుట్టింది మడగాస్కర్, మారిషస్ వైపు. పైగా అది కూడా డ్రసీనాయే కనుక నీటి విషయంలో దానికీ అదే పట్టింపు. ఎర్ర అంచుల ట్రైకలర్ డ్రసీనా, ఇప్పుడు చల్కనేల గారు చెప్పిన కార్డిలైన్, కిటికీకి వేలాడదీసే స్పైడర్ ప్లాంట్, చారల కలాథియా ఇవన్నీ ఫ్లోరైడు దగ్గర అలిగే మొక్కలే. నర్సరీలో అన్నింటికంటే అందంగా కనిపించేవి ఇవే కావడం మన దురదృష్టం.

పాలమూరు_కుండీ
ఇంతసేపూ మందు గురించే మాట్లాడారు, ఆమె అడిగిన రెండో ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. ఎత్తు, రంగుచారలు, మన బోరు నీళ్లకు ఓర్పు, ఈ మూడూ కావాలంటే నా ఓటు రబ్బరు మొక్కలోని టినెకె రకానికి. ఆకుపచ్చ, బూడిద పచ్చ, మీగడ రంగు కలిసి చేత్తో అద్దినట్టుంటుంది, లేత ఆకు గులాబీ రంగు పొరలోంచి బయటికి వస్తుంది. మూడేళ్ల కిందట రెండడుగులది తెచ్చాను, ఇప్పుడు నా భుజం దాటింది. మహబూబ్‌నగర్‌లో మా బోరు నీళ్లే పోస్తున్నాను, కొనలు ఎండలేదు. రబ్బరు మొక్క మన దేశపు ఈశాన్యానిది, మేఘాలయలో వాగుల మీద బతికున్న వేళ్లతో అల్లే వంతెనలు దీని వేళ్లతోనే కడతారు. అంటే మా మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి దాయాది. ఆ పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు కట్టి కొమ్మలకు మందు ఎక్కించారు కదా, ఈ వంశం అంత తొందరగా చేతులెత్తేయదు.

కష్టాలు కూడా చెప్పాలి. ఆకులో మీగడ రంగు ఉన్న చోట పత్రహరితం ఉండదు, కాబట్టి మామూలు ఆకుపచ్చ రబ్బరు మొక్క బతికే వెలుతురులో ఇది బక్కచిక్కుతుంది. తూర్పు కిటికీ నుంచి మూడు నాలుగు అడుగుల లోపలే పెట్టాలి. మధ్యాహ్నం ఆ చోట అరచేయి చాపితే గోడ మీద నీడ అంచులు కనిపించాలి, ఏ నీడా పడకపోతే ఆ చోటు దీనికి పనికిరాదు. మార్చి నుంచి పడమటి ఎండ మాత్రం తగలనివ్వకండి, మీగడ భాగాలు ముందుగా మాడతాయి. ఒక్కోసారి మొక్క అడుగు నుంచి పూర్తి పచ్చటి కొమ్మ ఒకటి వస్తుంది. పచ్చదనం ఎక్కువ కాబట్టి అది బలంగా పెరిగి, మిగతాదాన్ని వెనక్కి నెట్టేస్తుంది. జాలిపడకుండా మొదట్లోనే తీసేయాలి. కోసినప్పుడు పాలు కారతాయి, అవి చర్మానికి మంట పుట్టిస్తాయి కనుక తొడుగులు వేసుకుని, పాపను దూరంగా ఉంచండి.

నల్లమల_నీడ
చిన్న పిల్లలున్న ఇంట్లో డీఫెన్‌బేకియా మాత్రం వద్దని గట్టిగా చెబుతున్నాను. నర్సరీల్లో చవక, తెల్ల మచ్చల పెద్ద ఆకులు చూడముచ్చటగా ఉంటాయి కాబట్టి ఎవరైనా తెచ్చిపెట్టవచ్చు. మా తమ్ముడి కొడుకు ఏడాదిన్నర వయసులో ఆకు చివర కొరికాడు. ఆకులోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా నాలుకకు గుచ్చుకుంటాయట. పెదాలు వాచి, చొంగ కారుతూ రెండు గంటలు ఏడ్చాడు. ఆసుపత్రికి తీసుకుపోతే నోరు కడిగి, చల్లటి పాలు పట్టించి, ఊపిరి బాగానే ఆడుతోందని చూసుకుని పంపారు. మనీ ప్లాంటులో కూడా అవే స్ఫటికాలు ఉంటాయి కనుక తీగను కింద వేలాడనివ్వకండి. డ్రసీనాలు కుక్కలకూ పిల్లులకూ పడవు.

ఎత్తు మూడు అడుగులకు సరిపెట్టుకుంటానంటే పసుపు అంచుల స్నేక్ ప్లాంట్ పెట్టండి. నా దానికి అయిదేళ్ల నుంచి ఏ నీళ్లు దొరికితే అవే పోస్తున్నాను.

గద్వాల_జరీ
ఆ స్నేక్ ప్లాంట్‌ను కూడా ఇప్పుడు శాస్త్రజ్ఞులు డ్రసీనాల్లోనే కలిపేశారని ఎక్కడో చదివాను. మరి దానికి అలక లేదా?

నల్లమల_నీడ
కలిపింది నిజమే, కానీ స్వభావం కలవలేదు. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, నీళ్లు కూడా పదిహేను రోజులకోసారి తాగుతుంది కనుక లోపలికి వెళ్లే ఫ్లోరైడు కూడా తక్కువే. ఒక చమత్కారం చెబుతాను. దీని ఆకును ముక్కలుగా కోసి నాటితే పిలకలు వస్తాయి, కానీ పసుపు అంచు లేకుండా మామూలు పచ్చ మొక్కలు వస్తాయి. పసుపు అంచు ఉన్న పొర, లోపలి పచ్చ పొర వేరువేరు కణాల నుంచి పెరిగినవి. కొత్త పిలక లోపలి పొరలోంచి పుడుతుంది. నేను ఒక ఆకుతో ఎనిమిది మొక్కలు చేసి బంధువులకు పంచాలని ఆశపడి, ఎనిమిది ఉత్త పచ్చ మొక్కలను పంచి మాట పడ్డాను. అంచు కావాలంటే దుంపను విడదీసి నాటాలి.

చల్కనేల
ఇంత ఖర్చెందుకు, మనీ ప్లాంటును కొబ్బరిపీచు చుట్టిన కర్రకు ఎక్కించండి. కుండీలో వేలాడేటప్పుడు అరచేయంత ఆకు వేసే తీగే, కర్రను పట్టుకుని పైకి పాకితే పళ్లెమంత ఆకు వేస్తుంది. మా హాల్లో ఆరడుగుల కర్ర నిండింది, కర్ర 180 రూపాయలు, తీగ పక్కింటిది. దొంగతనంగా తెస్తేనే పెరుగుతుందని అంటారు, నేను అడిగి తెచ్చినా పెరిగింది. కర్రను రోజూ తడపడం మరిచిపోకూడదు.

కొత్తకుండీ
మా పొలంలో మిగిలిన సూపర్ ఫాస్ఫేటు సగం బస్తా ఉంది, డ్రసీనాకు బలం కోసం గుప్పెడు వేయవచ్చా?

పాతబడి_సార్
వేయకండి. సింగిల్ సూపర్ ఫాస్ఫేటును రాతి ఫాస్ఫేటు నుంచి తయారుచేస్తారు, అందులోనూ ఫ్లోరైడు ఉంటుంది. పొలంలో పైరుకు అది లెక్కలోకి రాదు, కుండీలో డ్రసీనాకు వస్తుంది. కుండీకి చెంచాడు డోలమైట్ పొడి కలిపితే మేలు. కాల్షియం, మెగ్నీషియం అందుతాయి, మట్టిలో ఆమ్లగుణం తగ్గి ఫ్లోరైడు మట్టిలోనే ఉండిపోతుంది. తాంబూలం సున్నం మాత్రం వాడకండి, అది వేళ్లను కాలుస్తుంది.

వేపచెక్క
నేనూ ఒక మెట్టు దిగుతాను. పక్క పైపు నీళ్లు పోశారని ముందే తెలిసి ఉంటే వేరుకుళ్ళు మాట ఎత్తేవాణ్ణి కాదు. అయినా వేసవిలో ఎర్రనల్లి కూడా చూసుకోండి. పొడిగాలికి ఆకు అడుగున సన్నటి బూజులాంటి గూడు కట్టి రసం పీలుస్తుంది. తడిగుడ్డతో వారానికోసారి ఆకులను రెండువైపులా తుడిస్తే చాలు, మందు అవసరం రాదు. ఆకు కాండంతో కలిసే సందుల్లో తెల్లటి దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి.

గద్వాల_జరీ
ఈ మొక్కలన్నీ గాలిని శుభ్రం చేస్తాయని నర్సరీలో చెప్పి వంద రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. అది నిజమేనా?

పాతబడి_సార్
1989లో అమెరికా అంతరిక్ష సంస్థ గాలి చొరబడని చిన్న గదుల్లో చేసిన ప్రయోగం నుంచి పుట్టిన మాట అది. కిటికీలు తెరిచి ఉండే మన ఇళ్లకు అది వర్తించదు. 2019లో ఇద్దరు పరిశోధకులు పాత ప్రయోగాలన్నింటినీ తిరిగి లెక్కకట్టి, కిటికీలోంచి వచ్చే గాలి చేసే పనిని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి దాకా కావాలని తేల్చారు. హాల్లో అన్ని పెడితే మనం వరండాలో పడుకోవాలి. ఆ వంద రూపాయలు బేరమాడండి.

పానగల్లు_గట్టు
మూడున్నర నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ల్యాబులో మా బోరు నీళ్లకు ఫ్లోరైడు లీటరుకు 2.2 మిల్లీగ్రాములు, ఆర్వో పక్క పైపు నీళ్లకు 3.1 అని వచ్చింది. కాగితం చూసి మా అత్తమ్మ "ఎక్కువైంది నీళ్లు కాదు, విషమన్నట్టు" అన్నారు. ఆ రోజే కుండీని వరండాలోకి ఈడ్చి, భగీరథ నీళ్లు నాలుగు బకెట్లు ధారగా పోసి కడిగాను, చెంచాడు డోలమైట్ కలిపాను. ఎండిన కొనలను ఆకు ఆకారంలోనే ఏటవాలుగా, పచ్చ భాగం తెగకుండా సన్నటి గోధుమ అంచు మిగిల్చి కత్తిరించాను.

అప్పటి నుంచి నడిమి మొవ్వులోంచి ఏడు కొత్త ఆకులు వచ్చాయి. మొదటి రెండింటి కొన గోరు చివరంత మాడింది, తర్వాతి అయిదు మే నెల ఎండల్లో కూడా కొన వరకు పచ్చగానే ఉన్నాయి. పాత ఆకులు మాత్రం ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. పాలమూరు గారి మాట విని, మరో మూలకు రెండున్నర అడుగుల టినెకె కూడా తెచ్చాను. తెచ్చిన వారానికే నాలుగు ఆకులు రాల్చేసరికి కంగారుపడ్డాను.

పాలమూరు_కుండీ
చోటు మారితే రబ్బరు మొక్క అలాగే అలుగుతుంది. చోటు మార్చకుండా నెల రోజులు ఓపిక పట్టండి, నీళ్లు కూడా కొంచెం తగ్గించండి. చివర గులాబీ రంగు మొగ్గ గట్టిగా ఉందా?

పానగల్లు_గట్టు
గట్టిగానే ఉంది, చూపుడువేలంత పొడవు పెరిగింది.

మిద్దెతోట_మిర్యాలగూడ
అయితే భయం లేదు. ఇంతకీ ఆ పక్క పైపు నీళ్లు ఇప్పుడు ఎక్కడికి పోతున్నాయి?

పానగల్లు_గట్టు
వాకిలి కడగడానికీ, బాత్రూముకూ. తులసికి కూడా మానేశాము, అత్తమ్మ ఒప్పుకోలేదు.